నడికట్టు మీద ఎర్ర కుట్టు

సినిమా మొదలైన పావుగంటకే తెర మీద నా చేతి కుట్టు కనిపించింది.

చూసింది నమ్మలేదు. నేను దేన్నీ మొదటిసారి నమ్మను. షాపులో బట్టలకు కొలతలు తీసేటప్పుడు కూడా ప్రతి నడుమునూ రెండుసార్లు కొలుస్తాను. టేపు కనపడగానే ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కోని మనిషిని నేనింతవరకూ చూడలేదు. వాళ్ళను మాటల్లో పెట్టి, ఊపిరి వదిలాక మళ్ళీ కొలిస్తేగానీ అసలు సంగతి బయటపడదు. "నీది అనుమానపు టేపు" అని మా ఆయన నవ్వేవాడు, ఆయన నవ్వే రోజుల్లో.

తెర మీద పడవవాడు వంగి తాడు విప్పుతున్నాడు. నడుముకు వెడల్పాటి నల్లటి నడికట్టు. కొక్కేల పక్కన అరచేయంత మేర చేపముల్లు కుట్టు. అక్కడ ఎలుక కొరికితే మాసిక వేసింది నేనే. నల్ల దారం చాలక చివర్లో నీలం దారం వాడాను. నీలం దారం కూడా కనిపించింది.

"అన్నయ్యా, అది మన నడికట్టే" అన్నాను పక్క సీట్లో ఉన్న మా అన్నయ్య చెవిలో.

"సినిమా చూడవే" అన్నాడు. వాడి మాట ఇప్పుడు మాటలా ఉండదు. టైరులోంచి గాలి పోతున్నట్టుంటుంది.

ఆ గొంతు అలా ఎందుకయిందో చెప్పాలంటే నాటకం సంగతి చెప్పాలి. దాని అసలు పేరు పొడుగ్గా ఉంటుంది, మేమందరం పడవ నాటకం అనేవాళ్ళం. మొదటి నుంచి చివరి దాకా పాటలే. ఒక పడవవాడు, తన కుటుంబాన్ని నాశనం చేసిన ఏడుగురినీ ఒక్కొక్కరిగా పడవెక్కించుకుంటాడు. రేవు తాడు కోసేస్తాడు. నది మధ్యకు వెళ్ళాక పాట పాడుతూనే పొడిచేస్తాడు. పడవవాడి వేషం కట్టినాయనకి పెద్ద మీసాలుండేవి, బుంగమీసం అనేవాళ్ళం. ఏడో ప్రయాణికుడు మా అన్నయ్య. మొదటి ఆరుగురి చావులూ పాటల్లోనే చెప్పేసేవాళ్ళం, స్టేజీ మీద తాడు కోసి కత్తితో పొడిచేది ఏడోవాణ్ణే. పొడిచే ముందు వాడొక స్వరం ఎత్తి పట్టేవాడు. హాల్లో దగ్గేవాళ్ళు కూడా దగ్గు ఆపుకునేవాళ్ళు. వేషాల బట్టలన్నీ నావి. సామానంతా మా ఆయనది. కత్తులూ ఆయనవే.

కత్తులు రెండు, చూడ్డానికి కవలలు. ఒకటి అసలుది, తాడు కోయడానికి. రెండోది ఉత్తుత్తి కత్తి, పొడిస్తే స్ప్రింగు మీద వెనక్కి పోతుంది. తాడు నిజంగా తెగిన చప్పుడు విన్నాక జనం రెండోదాన్ని కూడా అసలుదే అనుకుని హడలిపోయేవాళ్ళు. నడికట్టు లోపలి వైపు రెండు ఒరలు కుట్టి ఉండేవి, కుడికొకటి, ఎడమకొకటి. ఉత్తుత్తి కత్తి పెట్టాల్సిన ఒర మీద నేను ఎర్ర దారంతో కుట్టు వేసేదాన్ని, లోపలా బయటా కనపడేలా. ఆట మొదలయ్యే ముందు మా ఆయన నడికట్టును బల్ల మీద పరిచి, ఎర్ర కుట్టు చూసుకుని కత్తులు దోపి, బుంగమీసానికి తగిలించేవాడు. బుంగమీసం చూసుకునేవాడు కాదు. తాడుకి కుడి ఒర, మనిషికి ఎడమ ఒర. చెయ్యి అలవాటుగా వెళ్ళిపోయేది.

పద్దెనిమిదేళ్ళ కిందట ఒక సాయంత్రం ఆటలో, ఏడో పాటకి తాడు తెగలేదు. బుంగమీసం కత్తితో రుద్ది రుద్ది, పాట మధ్యలో పళ్ళు నూరి, ఆఖరికి ముడిని చేత్తోనే ఊడబీకాడు. తెర పక్క నుంచి నేను మా ఆయన వైపు గుర్రుగా చూశాను. కత్తికి పదును పెట్టడం కూడా మరిచిపోతే ఎలా అని ఒళ్ళు మండింది. ఆ తర్వాత బుంగమీసం రెండో కత్తి తీశాడు. అన్నయ్య స్వరం మధ్యలో తెగిపోయింది. మరిచిపోయాడనుకున్నారు అందరూ. కానీ వాడి చొక్కా కింద కట్టిన తిత్తిలో చక్కెర పాకం, ఎర్రరంగు కలిపి పోసింది నేను. అందులో పట్టేది గరిటెడు. పడవ బల్ల మీద పారింది అంతకన్నా ఎక్కువ. అందరికంటే ముందు నాకే తెలిసి కేక పెట్టాను.

అన్నయ్య బతికాడు. ఊపిరితిత్తికి తగిలిన దెబ్బతో స్వరం పోయింది. ఇప్పుడు వేరే ఊళ్ళో, ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాడు. నోరు తెరవక్కర్లేని ఉద్యోగం చూసుకున్నాడు.

"నేను ఎప్పట్లాగే ఎడమ ఒరలోంచే తీశాను" అని బుంగమీసం ఏడుస్తూ ఒట్టు వేశాడు. "నేను గుర్తు చూసే పెట్టాను" అని మా ఆయన అన్నాడు. రెండూ నిజమయ్యే వీలు లేదు. పోలీసులు ప్రమాదం అని రాసుకుని వెళ్ళిపోయారు. మా వాళ్ళు మాత్రం మా ఆయన పేరే రాసుకున్నారు. "ఒప్పుకుంటే ఆ రోజే క్షమించేవాణ్ణి. ఒప్పుకోడే మీ ఆయన" అన్నాడు అన్నయ్య. అప్పటిదాకా నోరారా బావా అని పిలిచినవాడు, అప్పట్నుంచీ 'మీ ఆయన' అనే అంటాడు. మా ఇంటి మెట్లెక్కడు. కింద షాపులో కూర్చుని, మంచినీళ్ళు కూడా తన సీసాలోవే తాగి వెళ్ళిపోతాడు.

నేనా? నేను ఆయన్ని వదల్లేదు, నమ్మనూ లేదు. పద్దెనిమిదేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటూ కనిపెట్టి చూస్తున్నాను. ఆయనిప్పుడు తాళాలు బాగుచేస్తాడు. ఏ తాళంచెవినైనా మూడుసార్లు తిప్పి చూసుకునిగానీ ఇవ్వడు. తప్పు చేసినవాడికే ఇంత జాగ్రత్త ఉంటుంది అనుకునేదాన్ని. వంటింట్లో కూరగాయల కత్తి నా చేతికి ఇవ్వడు, గట్టు మీద పెట్టి పక్కకు జరుగుతాడు. అదీ లెక్కలో వేసుకున్నాను. ఒక్కసారి నోరు తెరిచి 'నేనే' అంటే చాలు, కడుపులో పెట్టుకుందామని చూశాను. ఆ మాట ఆయన నోటి నుంచి రాలేదు.

ఇప్పుడా పడవ నాటకాన్ని సినిమా తీశారు. చూడ్డానికి వస్తానని అన్నయ్య ఫోన్ చేస్తే ఆశ్చర్యపోయాను. ఎందుకొస్తున్నాడా అని అనుమానమూ వచ్చింది. మా ఆయన పొద్దున్నే వెళ్ళి పదకొండు గంటల ఆటకి మూడు టికెట్లు తెచ్చాడు. రెండు ఒకచోట. మూడోది మూడు వరసల ముందు.

అందుకే నేను సినిమా కన్నా మా ఆయన మెడను ఎక్కువ చూశాను.

సినిమా ఎలా ఉందంటే, నది బూడిద రంగు, ఆకాశం బూడిద రంగు, మనుషుల మొహాలూ అదే రంగు. నెత్తురొక్కటే ఎరుపు. మేం గరిటెడుతో సరిపెట్టినచోట వాళ్ళు బిందెలతో కుమ్మరించారు. మా నాటకంలో కత్తి దిగగానే దీపాలు ఆరిపోయేవి. ఇక్కడ దిగడం, తిప్పడం, బయటకు లాగడం, అన్నీ తెరనిండా చూపించారు. మా ముందు కూర్చున్న పెద్దాయన రెండో ప్రయాణికుడికే కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. పాటలు మాత్రం గుండె విప్పి పాడినట్టు లేవు, ఎవరూ వినకూడదన్నట్టు గొణుక్కున్నారు.

"పాటలు సగం కోసేశారు" అన్నాడు అన్నయ్య. నాలుగు హత్యలయ్యాక వాడికి కలిగిన బాధ అది.

నాకు నడికట్టు మీదే ధ్యాస. మొదట్లో అక్షరాలు పడ్డప్పుడు బుంగమీసానికి కృతజ్ఞతలని వేశారు. అంటే మా బృందం ట్రంకుపెట్టె వీడి దగ్గరే ఉందన్నమాట. ఇన్నేళ్ళు ఎందుకు దాచాడు? సినిమావాళ్ళకి ఇంకేం చెప్పాడు? ఆ రోజు నడుముకున్నది ఈ నడికట్టు కాదు. దీని కొక్కెం ఊడిపోతే, ఆ పూటే నేను కొత్తది కుట్టాను. ఆ కొత్తది ఒక్క ఆటకే. అన్నయ్య గాయానికి బిగించి కట్టింది దాన్నే, ఆసుపత్రిలో కత్తిరించి పారేశారు. పాతదాన్ని పెట్టెలో పడేసి మరిచిపోయాను.

తెర మీద తాడు కోసిన ప్రతిసారీ, ఆ చప్పుడుకి మా ఆయన భుజాలు ఉలిక్కిపడ్డాయి. నేను లెక్కపెట్టాను. ఆరు తాళ్ళకి ఆరుసార్లు.

ఏడో ప్రయాణికుడు పడవెక్కాడు. అన్నయ్య కళ్ళు మూసుకున్నాడు. వాడి పెదాలు కదులుతున్నాయి, లోపల ఆ స్వరాన్ని వాడూ ఎత్తుతున్నాడు. తాడు పటుక్కున తెగింది. మూడు వరసల ముందు మా ఆయన లేచి నిలబడ్డాడు. తల వంచుకుని, మోకాళ్ళు తప్పించుకుంటూ, తలుపు తోసుకుని బయటకు వెళ్ళిపోయాడు.

దొరికాడు అనుకున్నాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది, ఆ క్షణంలో నాకు కలిగింది దుఃఖం కాదు, హాయి. నా పద్దెనిమిదేళ్ళ అనుమానం వృథా పోలేదన్న హాయి.

మళ్ళీ తెర వైపు తిరిగాను. పడవవాడి చెయ్యి రెండో కత్తి కోసం నడికట్టు మీదికి పాకుతోంది. కెమెరా వాడి వెనక నుంచి, భుజం మీదుగా చేతికి బాగా దగ్గరగా వెళ్ళింది. ఎర్ర కుట్టు తలుపంత పెద్దదై తెరంతా నిండింది. చెయ్యి ఎడమ వైపు ఉంది. ఎర్ర కుట్టు కూడా ఎడమ వైపే ఉంది.

అక్కడే ఉండాలి మరి. అయినా నా కంటికి అది తప్పు చోట ఉన్నట్టు అనిపించింది. ఎందుకో తెలియలేదు. కుట్టు అటు కాదు, ఇటు ఉండాలి కదా అని నా కళ్ళు అంటున్నాయి. నా కళ్ళు ఎక్కడ చూసి అలా అలవాటు పడ్డాయో వెతుక్కుంటే, మా షాపు గోడ గుర్తొచ్చింది.

షాపు గోడకి మేకు మీద కాగితం నమూనాలు వేలాడుతుంటాయి. కత్తిరించే ముందు గీసుకునేవి. నేను ఒక్కటీ పారెయ్యను, ఏ మనిషి ఎప్పుడొచ్చి కుదర్లేదంటాడోనని. కొత్త నడికట్టు నమూనా కూడా అక్కడే ఉంది. పద్దెనిమిదేళ్ళుగా రోజూ చూస్తున్నదాన్నే. దాని మీద ఎర్ర పెన్సిల్ గుర్తు కుడి చివరన ఉంటుంది.

మిగతా సినిమా నేను చూడలేదు. తెరమీద మా అన్నయ్య వేషంవాడు చచ్చిపోయాడు. "స్వరం తొందరగా వదిలేశాడు" అన్నాడు అన్నయ్య కళ్ళు తెరిచి.

బయట ఎండలో మా ఆయన సైకిళ్ళ స్టాండు దగ్గర నిలబడి ఉన్నాడు. నేనూ అన్నయ్యా ముందు నడిచాం, ఆయన పది అడుగుల వెనక. దారి పొడుగునా నా మనసు నాతోనే పోట్లాడింది. గుర్తు కుడివైపున ఉంటే ఏమయింది? కాగితాన్ని ఏ వైపు నుంచి చూస్తే ఏది కుడి? బుంగమీసం మాట, మా ఆయన మాట, కత్తి పదును, అన్నిటినీ అనుమానించాను. గుర్తు మీద మాత్రం ఒక్కరికీ అనుమానం రాలేదు. గుర్తు చూసే పెట్టానని ఆయనంటే, ఆ గుర్తు ఎక్కడుందని ఏ ఒక్కరూ అడగలేదు.

షాపులో అన్నయ్య ఎప్పట్లాగే గుమ్మం పక్క స్టూలు మీద కూర్చుని తన సీసా మూత తీశాడు. బస్సుకి ఇంకా గంట ఉంది. నేను బల్ల ఎక్కి, మేకు మీది కట్టలోంచి ఆ కాగితం లాగాను. అంచులు పసుపెక్కి పెళుసుబారాయి. పైన నా చేతిరాత: 'కొత్త నడికట్టు. లోపలి వైపు.' కుడి చివరన ఎర్ర గుర్తు.

అప్పుడు మొత్తం కళ్ళ ముందుకొచ్చింది. ఆ మధ్యాహ్నం బుంగమీసం పాత నడికట్టు చుట్టుకుని నా ఎదురుగా నిలబడ్డాడు. త్వరగా కానివ్వమని తొందర. నేను చూసింది చూసినట్టు గీసేశాను. ఎదురుగా ఉన్న మనిషి ఎడమ, నా కంటికి కుడి. బయటి వైపు నుంచి చూసి గీసిన గుర్తుని, తిప్పకుండా లోపలి వైపు బట్ట మీద పెట్టి కుట్టేశాను. కుట్టుపని నేర్చుకునే పిల్లలు మొదటి వారంలో చేసే తప్పు. నేనే వాళ్ళ వేళ్ళ మీద స్కేలుతో కొట్టి మానిపించే తప్పు. ఆ రోజు తాడు తెగకపోవడానికి పదును కారణం కాదు. కుడి ఒరలో ఉన్నది ఉత్తుత్తి కత్తి.

కాగితం పట్టుకుని బల్ల దిగాను. అప్పుడే మా ఆయన లోపలికి వచ్చాడు. తిన్నగా వెళ్ళి అన్నయ్య ముందు నిలబడ్డాడు.

"ఒక మాట చెప్పాలి బావా" అన్నాడు. "ఇన్నాళ్ళూ గుర్తు చూసే పెట్టానని అన్నాను. ఇవాళ ఆ సినిమా చూస్తుంటే... ఏమో, నా మీద నాకే నమ్మకం పోయింది. చెయ్యి తడబడే ఉంటుంది. లేకపోతే అట్లా ఎందుకవుతుంది? తప్పు నాదే. నేనే మార్చి పెట్టాను. నీ గొంతు పోవడానికి నేనే కారణం."

అన్నయ్య సీసా కింద పెట్టాడు. లేచి, మా ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"ఆ ఒక్క మాట వినాలనే ఇవాళ వచ్చాను" అన్నాడు. "సినిమా చూశాకైనా అంటావేమోనని."

మా ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. పద్దెనిమిదేళ్ళుగా నేను ఎదురుచూసిన మాట అదే. ఎవరి నోటి నుంచి రావాలనుకున్నానో ఆ నోటి నుంచే వచ్చింది. అదంతా అబద్ధమని ఆ గదిలో నా ఒక్కదానికే తెలుసు.

బల్ల మీద కత్తెర ఉంది. నాలుగు కోతలు పడితే ఆ కాగితం చిత్తు గుడ్డల్లో కలిసిపోతుంది. వాళ్ళిద్దరూ కలిసిపోయారు, ఇంకెందుకు అనుకున్నాను. అన్నయ్య ఇవాళ మెట్లెక్కుతాడు, మా ఇంట్లో మంచినీళ్ళు తాగుతాడు. ఇక ఎవరూ ఏమీ అడగరు. నిజంగానే కత్తెర చేతిలోకి తీసుకున్నాను. వేళ్ళు దూర్చాను కూడా.

మా ఆయన నా వైపు చూశాడు. అందులో ఒక తేలిక కనపడింది, చెయ్యని తప్పు ఒప్పుకుని తెచ్చుకున్న తేలిక. దాన్ని నేను చూడలేకపోయాను.

"అన్నయ్యా, నిటారుగా నిలబడు. చేతులు పైకెత్తు" అన్నాను.

"ఇప్పుడు కొలతలేమిటే?"

"ఎత్తమన్నానా."

ఎత్తాడు. కాగితం రాత ఒంటికి తగిలేలా, లోపలి వైపు లోపలికే ఉండేలా వాడి నడుముకు చుట్టాను. పెన్సిల్ గట్టిగా నొక్కి దిద్దిన గుర్తు, ఇవతలికి కూడా ఎర్రగా ఊరింది.

"గుర్తు ఏ చేతి వైపుంది?"

అన్నయ్య వంగి చూసుకున్నాడు. "కుడి" అన్నాడు. ఆ తర్వాత ఇంకేం చెప్పక్కర్లేకపోయింది. ఏడాది పాటు ప్రతి సాయంత్రం ఆ పడవలో కూర్చుని, పొడిచే చెయ్యి ఏ ఒరలోంచి వస్తుందో ఎదురుగా చూసినవాడు. కాగితాన్ని మెల్లగా విప్పి, ప్రూఫు చూసినట్టు కంటికి దగ్గరగా పెట్టుకుని, అక్షరం మీద అక్షరం వేలు జరుపుతూ చదివాడు.

"ఇది నీ రాతేనా?"

"నాదే. ఆ రోజు నడికట్టు దీన్ని బట్టే కుట్టాను. ఈయన గుర్తు చూసే పెట్టాడు. ఆ గుర్తే తప్పు. తప్పు నాది."

మా ఆయనే ముందు పలికాడు.

"పాత కాయితం కదా" అన్నాడు కంగారుగా. "తేమకి సాగిపోయి ఉంటుంది. ఇంత దానికి నువ్వు..."

నన్ను వెనకేసుకొస్తున్నాడు. పద్దెనిమిదేళ్ళలో నేను ఆయన కోసం ఒక్కసారీ అనని మాట, ఆయన నా కోసం అర నిమిషంలో అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.

"కాయితం సాగుతుందండీ. కుడి ఎడమయ్యేంత సాగదు" అన్నాను.

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకున్నాడు, ముందు అరచేతులు, తర్వాత వెనకవైపు. ఎవరివో చేతులు అప్పుడే తెచ్చి ఇచ్చినట్టు చూసుకున్నాడు. నా వైపు చూడలేదు. అనుమానంగానైనా ఒక్కసారి చూడమని మనసులోనే బతిమాలుకున్నాను.

అన్నయ్య కాగితాన్ని మడతపెట్టి బల్ల మీద, కత్తెర పక్కన పెట్టాడు. సీసా సంచిలో వేసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు.

"బావా" అన్నాడు. గాలి తప్ప మరేమీ లేని ఆ గొంతులోంచి కూడా ఆ పిలుపు బాగా వినపడింది. "బస్టాండు దాకా రా."

ఇద్దరూ పక్కపక్కన నడుచుకుంటూ వెళ్ళారు. నేను గుమ్మంలో నిలబడి వాళ్ళ మెడలు చూశాను. పొద్దున్నుంచీ ఒక్క మెడనే చూసి ఎన్నో కనిపెట్టాననుకున్నాను. ఇప్పుడు రెండు మెడలున్నాయి, ఏ ఒక్కటీ నాకేమీ చెప్పడం లేదు. మలుపు తిరిగేదాకా ఇద్దరిలో ఎవరూ వెనక్కి చూడలేదు.

బస్సు వెళ్ళే టైమయింది. ఆయన తిరిగి వస్తే, బస్టాండు నుంచి ఇంటికి పది నిమిషాల నడక. నేనింకా గుమ్మంలోనే నిలబడి ఉన్నాను.